ప్యాకప్ ఎవరు చెప్పాలి?

సూరత్‌లోని అమ్రోలిలో సాయంత్రం ఏడింటికి ఒకే సందులో రెండు గుంపులు ఎదురవుతాయి. పొద్దున ఏడు నుంచి సాంచాల (మరమగ్గాల) మధ్య నిలబడ్డవాళ్లు బయటికి వస్తుంటారు, మర్నాడు పొద్దున ఏడు దాకా నిలబడాల్సినవాళ్లు లోపలికి పోతుంటారు. వచ్చేవాళ్ల జుట్టుకూ కనుబొమలకూ దారపు నుసి. పోయేవాళ్ల చేతుల్లో నీళ్ల సీసాలు. ఆగి మాట్లాడుకునేవాళ్లు తక్కువ. చాలామందికి ఇద్దరికీ కలిపి పడక ఒక్కటే. పగటి పాళీవాడు లేచిపోయిన చాప మీద రాత్రి పాళీవాడు వచ్చి పడుకుంటాడు.

ఆ సందు మొదట్లో చాయ్ బండి దగ్గర ఒక డాక్యుమెంటరీ యూనిట్ అప్పటికే పని ముగించి కూర్చుంది. మొత్తం ఐదుగురు. కెమెరా పెట్టెలోకి వెళ్లిపోయింది, బ్యాటరీల లెక్క అయిపోయింది. ఎండాకాలం కాబట్టి వెలుతురు ఇంకా పుష్కలంగా ఉంది. పాళీ మారే దృశ్యం కళ్లముందే నడుస్తోంది, దాని వెనక పడమటి ఎండ. ఏ డైరెక్టరైనా ఆ నిమిషంలో కెమెరా బయటికి తియ్యమని కేకలేస్తాడు. ఈ డైరెక్టరు మాత్రం గ్లాసులో మిగిలిన చాయ్ తాగుతోంది.

“రేపు తీస్తం అన్నా. పాళీ రేపు గూడ మారుతది గదా” అంది.

నేను సూరత్ దాకా వెళ్లింది ఈ అమ్మాయి పని చేయించే తీరు చూద్దామనే. సొంత డబ్బుతోనో, నలుగురి దగ్గర అడిగి తెచ్చిన డబ్బుతోనో సినిమా తీసేవాళ్లను చాలాకాలంగా చూస్తున్నాను. వాళ్లు నిద్ర మానడాన్ని ఘనంగా చెప్పుకుంటారు. ముప్పై గంటలు ఏకబిగిన షూట్ చేశామని, కెమెరామన్‌కు జ్వరమొచ్చినా సెలైన్ పెట్టించుకుని వచ్చాడని, అసిస్టెంటు బాత్రూమ్‌లో పడిపోయాడని. ఇవన్నీ ప్రెస్ మీట్లలో నవ్వుతూ చెప్పే ముచ్చట్లు. సాయంత్రం ఐదున్నరకు ప్యాకప్ చెప్పే ఇండిపెండెంట్ యూనిట్ ఒకటుందని, అదీ పన్నెండు గంటల పాళీలు నడిచే చోట షూటింగ్ చేస్తోందని ఒక మిత్రుడు చెబితే, ముందు నమ్మలేదు.

తన పేరు, సినిమా పేరు రాయొద్దని ఆమె షరతు. షెడ్డు సేటు ఇచ్చింది నోటిమాట అనుమతి. పేర్లు బయటికొస్తే సినిమావాళ్లకు పోయేది ఏమీ లేదు, అక్కడి కార్మికుల పని పోతుంది. షరతు సబబుగానే తోచింది.

సూరత్‌కూ తెలుగువాళ్లకూ ఉన్న బంధం తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు మగ్గం పని కోసం ముందు సోలాపూర్, భీవండి దారి పట్టారు, తర్వాత సూరత్ దారి. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఎక్కితే సూరత్‌లో దిగొచ్చు. లింబాయత్ వైపు వెళితే తెలుగు పెళ్లి పత్రికలు, తెలుగు బోర్డులు కనిపిస్తాయి. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ ఏడు మాధ్యమాల్లో ప్రాథమిక పాఠశాలలు నడుపుతుంది, అందులో తెలుగు ఒకటి. మన డైరెక్టరు ఆ తెలుగు బడిలోనే అక్షరాలు దిద్దింది. తాత సిరిసిల్లలో చేమగ్గం నేశాడు, తండ్రి లింబాయత్‌లో సాంచా నడిపాడు, ఈమె కెమెరా పట్టింది. ఇంట్లో సిరిసిల్ల తెలుగు, వీధిలో హిందీ, బేరానికి గుజరాతీ.

అమ్రోలి మాత్రం తెలుగుపేట కాదు. తాపీ నది మీద వంతెన దాటి ఉత్తరానికి వస్తే అమ్రోలి. పక్కనే కోసాడ్, అవతలి ఒడ్డున వేడ్ రోడ్, కతార్‌గామ్. ఇక్కడి సాంచాల మీద ఎక్కువమంది ఒడిశాలోని గంజాం జిల్లావాళ్లు. తెలుగువాడికి ఇదీ ఒక వెసులుబాటే. బరంపురం చుట్టుపక్కలవాళ్లకు తెలుగు వస్తుంది, ఇచ్ఛాపురం వాళ్లకు ఆ ఊరే బజారు. కార్మికులు తినీ పడుకునే మెస్సులో అన్నం వడ్డిస్తున్న ఒక పెద్దాయన నా హిందీ విని, “తెలుగులో సెప్పండి బాబూ, మాకొచ్చు” అన్నాడు. ఆ తర్వాత నాకు దుబాసీ అవసరం పెద్దగా పడలేదు.

మర్నాడు పొద్దున యూనిట్‌తో పాటు షెడ్డుకు వెళ్లాను. వెళ్లేముందు నా చేతిలో ఒక కాగితం పెట్టారు. కాల్‌షీట్. జెరాక్స్ షాపులో తీయించిన ఒకే ఒక్క పేజీ, ఒకవైపు హిందీ, రెండోవైపు తెలుగు. కాల్‌షీట్లు చాలా చూశాను. వాటిలో ఎన్నింటికి రావాలో ఉంటుంది, ఎన్నింటికి పోవచ్చో ఉండదు. ఇందులో రెండూ ఒకే సైజు అక్షరాల్లో ఉన్నాయి. రావడం ఎనిమిదిన్నర, ప్యాకప్ ఐదున్నర. మర్నాటి కాల్‌కూ ఈ ప్యాకప్‌కూ మధ్య పన్నెండు గంటలకు తగ్గకూడదని కింద ఒక వాక్యం. ఆడవాళ్లు వాడుకోదగ్గ మరుగుదొడ్డి ఎక్కడుంది, దాని తాళంచెవి ఎవరి దగ్గరుంది. దగ్గరి ఆసుపత్రి ఏది. రాత్రి బండి నడిపేది ఎవరు, ఆ మనిషి ఆ రోజు ఎన్నింటికి లేచాడు. ఈ చివరిది చదివి ఇంత చాదస్తమెందుకని అడిగాను.

ఆమె చెప్పింది. ఇంతకుముందు ఒక సినిమాకు అసిస్టెంట్ డైరెక్టరుగా పనిచేసిందట. ఎవరిదో చెప్పలేదు, నేనూ అడగలేదు. అందరూ స్నేహితులే, డైరెక్టరు మంచివాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. అర్ధరాత్రి దాటాక అందరికీ స్వయంగా చాయ్ కలిపిచ్చేవాడు. ఓ తెల్లవారుజామున ప్యాకప్ అయ్యాక, యూనిట్‌లోని ఒక కుర్రాడు బైకు మీద సామాను దింపడానికి పోతూ నిద్రలోకి జారి డివైడర్‌ను కొట్టుకున్నాడు. కాలు విరిగింది. ఆసుపత్రిలో డైరెక్టరు ఏడ్చాడు. “మంచోడే అన్నా. ఇప్పటికీ మంచోడే అంట. కానీ ఆ మంచితనం ఏ కాయితం మీద లేకపాయె.”

అమెరికాలో ఇదే సంగతి 1997 మార్చిలో జరిగింది. ‘ప్లెజెంట్‌విల్’ అనే సినిమాకు సహాయ కెమెరామన్‌గా పనిచేస్తున్న బ్రెంట్ హెర్ష్‌మన్ పంతొమ్మిది గంటల షూటింగ్ ముగించుకుని ఇంటికి కారు నడుపుతూ నిద్రపోయాడు, చనిపోయాడు. వయసు 35. రోజుకు పద్నాలుగు గంటలు మించొద్దని వేలమంది హాలీవుడ్ కార్మికులు సంతకాలు పెట్టారు. ఆ నియమం రాలేదు. రెండు ఆస్కార్లు అందుకున్న ఛాయాగ్రాహకుడు హాస్కెల్ వెక్స్‌లర్ దీని మీద కోపంతో ‘హూ నీడ్స్ స్లీప్?’ అనే డాక్యుమెంటరీ తీశాడు, 2006లో. ఎనభై దాటిన వయసులో. అంత డబ్బున్న పరిశ్రమలో, అంత బలమైన యూనియన్లున్న చోటే నిద్ర సంగతి తేలకపోతే, ఏ యూనియనూ లేని మన ఇండిపెండెంట్ సినిమాలో ఎవరు తేలుస్తారు? యూనిట్‌ను నడిపేవాళ్లే తేల్చాలి. వేరే దిక్కు లేదు.

షెడ్డులోకి అడుగుపెట్టగానే మొదట పోయేది మాట. పక్కవాడి నోరు కదులుతుంది, ఏమీ వినిపించదు. సూరత్ నగరంలో సాంచాలు ఆరు లక్షలకు పైమాటే అంటారు వ్యాపారులు. నేను చూసిన షెడ్డులో ఓ వంద దాకా ఉంటాయి. పాలిస్టర్ గుడ్డ. నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు చెవిలో కాదు, దవడలో తెలుస్తుంది. కార్మికులు సైగలతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని, బొటనవేలు నోటిదగ్గర పెడితే చాయ్ అని. ఎనిమిది గంటల పనికి తొంభై డెసిబెల్స్ దాటొద్దని మన ఫ్యాక్టరీ నిబంధనలు చెబుతాయి. సౌండ్ చూసే కుర్రాడి మీటరు ఆ గీతను ఎప్పుడో దాటేసింది. అక్కడ పనిచేసేది ఎనిమిది గంటలు కాదు, పన్నెండు.

ఆ సౌండ్ కుర్రాడికి ఆమె పెట్టిన నియమం ఇది. లోపల ఇరవై నిమిషాలు, బయట ఇరవై నిమిషాలు, చెవులకు కప్పులు తప్పనిసరి. సౌండ్ తీసేవాడికి చెవులే పెట్టుబడి, అవి పోతే వాడి బతుకే పోతుంది. ఇందులో ఎవరికీ అభ్యంతరం ఉండదు. నన్ను ఆగి చూసేలా చేసింది ఇంకొకటి. కెమెరా ఏ సాంచా ముందు పెట్టినా, నడిపేవాడి కంటికి ఎదురుగా పెట్టరు. పక్కనుంచో వెనకనుంచో తీస్తారు. నాకు మొదట అందం కోసమేమో అనిపించింది. కాదు. ఒక్కొక్కరు ఎనిమిదో పదో సాంచాలు చూసుకుంటారు. కూలి మీటరు లెక్కన. కెమెరా వైపు చూసిన రెండు క్షణాల్లో పోగు తెగి గుడ్డలో గీత పడితే, ఆ నష్టం కూలిలోంచి కోస్తారు. “మన షాటు కోసం ఆయన పైసలు పోవుడేంది?” అన్నది ఆమె ప్రశ్న.

అందుకే సాంచా ఆపమని ఎవరినీ అడగరు. మళ్లీ ఒకసారి నడవమని, మళ్లీ ఒకసారి పోగు ముడెయ్యమని అడగరు. జరిగేది జరుగుతుంది, దొరికితే దొరికినట్టు. సినిమావాళ్లకు ‘వన్ మోర్’ అనకుండా ఉండటం ఎంత కష్టమో తెలిసినవాళ్లకే తెలుసు.

మీటరు కూలిలో ఒక కిటుకుంది. కాపలావాడు అక్కర్లేదు. మనిషి తనను తానే తోలుకుంటాడు. ఒంటికి వెళ్తే మీటరు పోతుంది, మంచినీళ్లకు వెళ్తే మీటరు పోతుంది. షెడ్డులో నిలబడి ఇది చూస్తుంటే నాకు తెలిసిన చిన్న సినిమాల డైరెక్టర్లు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్లను తోలేదీ ఎవరూ కాదు. ఇల్లు తాకట్టు పెట్టారు, బామ్మర్ది దగ్గర అప్పు తెచ్చారు, ఫలానా ఫెస్టివల్ గడువు ముంచుకొస్తోంది. తమను తోలుకుంటారు, ఆ ఊపులోనే పక్కవాళ్లనూ తోలతారు. సాంచా కార్మికుడికి కనీసం మీటరుకు ఇంతని వస్తుంది. సినిమా అసిస్టెంటుకు ‘ప్యాషన్’ అనే మాట వస్తుంది. జీతం లేకపోతే ప్యాషన్, నిద్ర లేకపోతే ప్యాషన్, క్రెడిట్స్‌లో పేరు పడకపోతే అప్పుడూ అదే.

ఈ అలసటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక నిర్వచనం ఇచ్చింది. బర్నౌట్ జబ్బు కాదు, పనిచోట పుట్టే స్థితి అంది. సరిగ్గా సర్దని పని ఒత్తిడి చాలాకాలం సాగితే ఒంట్లో సత్తువ ఇంకిపోతుంది, చేస్తున్న పని మీద వెగటు పుడుతుంది, చేసినదాంట్లో పస తగ్గుతుంది. పుట్టేది పనిచోట కనుక మందు కూడా పనిచోటే పడాలి. యోగా చెయ్యి, మెడిటేషన్ యాప్ పెట్టుకో అని మనిషికి చెప్పడం తప్పించుకోవడమే. అదే సంస్థ అంతర్జాతీయ కార్మిక సంస్థతో కలిసి 2021లో ఇచ్చిన లెక్క ఇంకా కటువైంది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు 35–40 గంటల వాళ్లకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ. అమ్రోలిలో రోజుకు పన్నెండు చొప్పున ఆరు రోజులు వేసుకున్నా డెబ్బై రెండు గంటలు.

మధ్యాహ్నం అన్నం తింటూ నేను ఆమెను ఒక మొండి ప్రశ్న అడిగాను. దయ చూపడానికి డబ్బుండాలి కదా, నీ దగ్గర ఎక్కడిది?

ఆమె జవాబు నేను ఊహించింది కాదు. కెమెరా గురించి చెప్పింది. చిన్న సినిమాల్లో రోజు పొడుగు కావడానికి మొదటి కారణం డైరెక్టరు పిచ్చి కాదట, అద్దె. కెమెరా, లెన్సులు, లైట్లు రోజు లెక్కన అద్దెకొస్తాయి. రోజు అద్దె కట్టాక ఎనిమిది గంటలు వాడినా ఇరవై గంటలు వాడినా అంతే. అందుకని ఆ రోజును పిండుతారు. పిండేది కెమెరాను అనుకుంటారు, నలిగేది మనుషులు. ఈమె అందుకే మూడు చేతులు మారిన పాత కెమెరా ఒకటి కొనేసింది, రెండు లెన్సులతో. లైట్లు లేవు. ఇప్పుడు రోజుకు అయ్యేది మనుషుల తిండి, బస, కూలి. షూటింగ్ రోజులు పెరిగాయి, ఒక్కో రోజు ఖర్చు తగ్గింది. “బొమ్మ కొంచెం గరుకుగొస్తది. రానీ” అంది.

ఇది విన్నాక నాకు చింతకింది మల్లేశం గుర్తొచ్చాడు. శారాజీపేట మల్లేశం. పోచంపల్లి చీరకు ఆసు పోయడంలో, అంటే నేతకు ముందు దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పడంలో, తల్లి లక్ష్మమ్మ ఒక్కో చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి ఆడించాల్సి వచ్చేది. భుజం పోయింది, మోచెయ్యి పోయింది. కొడుకు ఆమెకు జండూబామ్ రాసి, పాపం అమ్మ అని ఊరుకుంటే అదీ ప్రేమే. అతను ఏళ్ల తరబడి అప్పులపాలై, ఊరివాళ్ల చేత పిచ్చోడనిపించుకుని 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు, దానికి తల్లి పేరు పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో రాజ్ ఆర్. తీసిన ‘మల్లేశం’ సినిమా ప్రియదర్శి నటనతో మనందరికీ తెలిసింది. ఆ కథలో నాకు ఎప్పుడూ నచ్చేది ఇదే, కొడుకు జాలి కన్నీళ్లతో అయిపోలేదు, ఇనుములోకీ చెక్కలోకీ దిగింది. అతను ఇంట్లో లేకపోయినా, అతనికి ఆ పూట కోపం వచ్చినా, ఆసు యంత్రం తల్లి భుజాన్ని కాపాడుతూనే ఉంటుంది. సినిమా యూనిట్‌లో కాల్‌షీట్ చెయ్యాల్సిన పని ఇదేనని నా అభిప్రాయం. డైరెక్టరుకు ఎప్పుడో ఒకప్పుడు కోపం వస్తుంది, గడువు ముంచుకొస్తుంది, మనసు మారుతుంది. రాసిన కాగితం మారకూడదు.

డబ్బు వచ్చే చోటును బట్టే ఒత్తిడి ఉంటుందన్నదీ నిజమే. గుజరాత్‌లోనే శ్యామ్ బెనెగల్ ‘మంథన్’ తీశారు, 1976లో. హైదరాబాద్ తిరుమలగిరిలో పుట్టిన మనిషి. ఐదు లక్షలమంది పాల రైతులు తలా రెండు రూపాయలు వేసుకుని నిర్మాతలయ్యారు. ఒక్క నిర్మాత మెడమీద కూర్చోవడం వేరు, ఐదు లక్షలమంది వెనక నిలబడటం వేరు. తర్వాత పోచంపల్లి నేతగాళ్ల మీద ‘సుస్మన్’ కూడా ఆయనే తీశారు. మన ‘కేరాఫ్ కంచరపాలెం’కు 2018లో డబ్బు పెట్టింది అమెరికాలో గుండెవైద్యురాలైన పరుచూరి ప్రవీణ. నటించింది చాలావరకు కంచరపాలెం జనమే. పని చేసుకునే జనంతో సినిమా తీసేటప్పుడు వాళ్ల పూటలూ వాళ్ల పనివేళలూ చూసుకోక తప్పదు.

ఇక ప్యాకప్ సంగతి. ఈ యూనిట్‌లో ప్యాకప్ చెప్పేది డైరెక్టరు కాదు. ప్రొడక్షన్ చూసే కుర్రాడు. సూరత్ వరాఛాలో పుట్టిన సౌరాష్ట్ర అబ్బాయి, యూనిట్‌లో అందరికన్నా చిన్న. వాడు గడియారం చూసి చెబితే అయిపోయినట్టే. డైరెక్టరుకు దాన్ని కొట్టేసే హక్కు లేదు. మరీ అవసరమైతే అరగంట అడగొచ్చు. అప్పుడు మిగతావాళ్లు తమ జవాబు నోటితో చెప్పరు, ఆ కుర్రాడి ఫోనుకు మెసేజ్ పెడతారు. ఒక్కరు వద్దన్నా వద్దే. ఎవరు వద్దన్నారో బయటికి రాదు.

ఈ చాటు ఓటు ఎందుకని అడిగితే కెమెరా అమ్మాయి చెప్పింది. “అక్క ముందట నిలబడి ఎవరన్నా వద్దంటరా సార్? అక్క మంచిది గాబట్టి అసలే అనం.” నాయకత్వం మీద వచ్చే పుస్తకాల్లో ఈ మాట నాకు ఎక్కడా కనబడలేదు. కటువైన బాస్‌కు కాదనడానికి కోపమైనా తోడొస్తుంది. మంచి బాస్‌కు కాదనడానికి ఏదీ తోడు రాదు. అందరినీ అడిగే చేశానండీ, అందరూ ఒప్పుకున్నారండీ అనే డైరెక్టర్లు ఒకసారి ఈ అమ్మాయి మాట వినాలి.

ఒక సాయంత్రం వాళ్ల అరగంట ఓటు నా కళ్లముందే జరిగింది. పడుగు దారం చుట్టే బీమ్ పాతది దింపి కొత్తది ఎక్కిస్తున్నారు, నలుగురు భుజాల మీద మోసుకొస్తున్నారు, చూడ్డానికి గొప్పగా ఉంది. ఆమె అరగంట అడిగింది. కుర్రాడు ఫోను చూసుకుని తల అడ్డంగా ఊపాడు. ఆమె మొహం మాడింది, దాచుకోలేకపోయింది. ఎవరితోనూ మాట్లాడకుండా పోయి ఆటోలో కూర్చుంది. దయగల నాయకురాలు అంటే ఎప్పుడూ చిరునవ్వుతో ఉంటుందనుకునేవాళ్లకు ఆ మొహం చూపించాలనిపించింది. మనసు మాడినా నియమం నిలబడింది, నాకు కావలసింది అదే.

మెస్సులో గడిపిన సాయంత్రం మాత్రం నాకు ఇంకా అరగలేదు. ఒక పెద్ద గది. గోడ పొడుగునా కొయ్యలకు తగిలించిన సంచులు, చొక్కాలు. కింద వరసగా చాపలు, వాటిమీద నిద్రపోతున్న మనుషులు. గదిలో ఎవరైనా గట్టిగా దగ్గితే ఇరవై తలలు కదులుతాయి. అక్కడ ఇంటర్వ్యూలు తీయడం లేదు ఆమె. పాళీ దిగినవాణ్ని కూర్చోబెట్టి గంట మాట్లాడిస్తే, ఆ గంట అతని నిద్రలోంచి పోతుంది. సెలవు దొరికిన రోజునే మాట్లాడతామని చెప్పింది. సెలవు ఎప్పుడు దొరుకుతుందో ఎవరికీ తెలియదు. అందుకే ఇన్నాళ్లలో చేతికొచ్చిన ఇంటర్వ్యూలు చాలా తక్కువ.

అక్కడే, తెలుగొచ్చిన ఆ వడ్డించే పెద్దాయన అడిగాడు. “మీవోలు ఐదున్నరకి పని ఆపేస్తారటండి. బావుంది. మరి మావోలకి ఎవలు ఆపుతారండి?”

రాహుల్ జైన్ తీసిన ‘మెషీన్స్’ చూసినవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. 2016 నాటి డాక్యుమెంటరీ, సూరత్ దగ్గరి సచిన్ పారిశ్రామికవాడలో ఒక గుడ్డల మిల్లులో తీశారు. అందులో ఒకచోట కార్మికులు గుంపుగా కెమెరాను చుట్టుముట్టి, మీరు వస్తారు, మా కష్టం చూస్తారు, పోతారు, ఏం చేస్తారో చెప్పండి అని నిలదీస్తారు. డైరెక్టరు దగ్గర జవాబు లేదు, ఆ లేకపోవడాన్ని దాచకుండా సినిమాలో ఉంచాడు. మాలేగావ్ కథ ఇంకో తీరు. సాంచాల ఊరిలో సాంచా కార్మికులే సినిమాలు తీసుకున్నారు, ఫైజా అహ్మద్ ఖాన్ ‘సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్’లో దాన్ని చూపించారు. అందులో సూపర్‌మ్యాన్ వేషం కట్టిన షఫీక్ షేక్ సాంచా కార్మికుడే. నోటి క్యాన్సర్‌తో 2011లో పోయాడు.

పెద్దాయన ప్రశ్నకు చట్టం దగ్గరున్న జవాబు కూడా చెప్పుకోదగ్గదేం కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు తొమ్మిది గంటలు, వారానికి 48 గంటలు మించొద్దంది. కరోనా వేళ 2020 ఏప్రిల్‌లో గుజరాత్ ప్రభుత్వం రోజు పనిని పన్నెండు గంటలకు పెంచి, అదనపు గంటలకు రెట్టింపు కూలి అక్కర్లేదంది. అదే ఏడాది అక్టోబరు 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2025 జులైలో ఆర్డినెన్సుతో పన్నెండు గంటల రోజు మళ్లీ వచ్చింది, వారానికి 48 గంటల పరిమితి ఉంచి. కాగితం మీద నాలుగు రోజులు పని, మూడు రోజులు సెలవు అని అర్థం చేసుకోవచ్చు. అమ్రోలిలో మూడు రోజుల సెలవు దొరికిన మనిషి నాకు తారసపడలేదు. పైగా సాంచా షెడ్లలో చాలావాటిని ఫ్యాక్టరీలుగా కాక దుకాణాల చట్టం కింద నమోదు చేస్తారన్నది కార్మిక సంఘాల పాత ఫిర్యాదు.

డైరెక్టరును అడిగాను, ఈ తేడా నీకు ఇబ్బందిగా లేదా అని. “ఉంటది. ఉండాలె గూడ. ఆయన పన్నెండు గంటలు జేస్తుండని నేను నా పోరగాండ్లతోని పద్దెనిమిది జేయిస్తే ఆయనకేం లాభం?” అంది. సగం జవాబే. కానీ అబద్ధం లేని సగం.

పొగిడింది చాలు కాబట్టి, నాకు పొసగనిది కూడా చెప్పాలి. ఈ పద్ధతంతా షూటింగ్ వరకే. ఎడిటింగ్‌కు కాల్‌షీట్ లేదు. హైదరాబాద్‌లో ఉన్న ఎడిటరుకు ఆమె రాత్రి పదకొండుకు, పన్నెండుకు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు పెట్టడం నేను విన్నాను. “పొద్దున చూడు, ఇప్పుడు కాదు” అని ప్రతిదాని చివర అంటుంది. పన్నెండింటికి ఫోను మోగితే ఎవరు పొద్దున చూస్తారు? ఇంకొకటి, ఆమె తన నిద్రకు ఏ నియమమూ పెట్టుకోలేదు. యూనిట్ పడుకున్నాక ఫుటేజ్ కాపీ చేసేది తనే, మర్నాటి అనుమతుల కోసం ఫోన్లు చేసేది తనే. ఐదుగురి బరువులో నాలుగు వంతులు దించి, ఆ నాలుగూ తన నెత్తిన పెట్టుకోవడం నాయకత్వం కాదని ఆమెతోనే అన్నాను. కాసేపు ఊరుకుని, హార్డ్ డిస్క్ పని సౌండ్ కుర్రాడికి నేర్పుతున్నానంది. నేర్పుతుందో లేదో.

2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు అడుగుతూ పద్దెనిమిది రోజులు షూటింగులు ఆపారు. ప్రభుత్వం కలగజేసుకున్నాక అడిగినదానికన్నా తక్కువకు, విడతలవారీగా ఒప్పందం కుదిరింది. వాళ్లకు ఫెడరేషన్ ఉంది, ఆపే బలముంది. లక్షల ఖర్చుతో సినిమాలు, వేల ఖర్చుతో షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ల సెట్లలో ఆ ఫెడరేషన్ ఉండదు, యూనియన్ కార్డున్నవాళ్లు ఉండరు, కాలేజీ దాటిన పిల్లలుంటారు. వాళ్ల తరఫున అడిగేవాడు లేడు.

కాబట్టి హైదరాబాద్‌లో, విశాఖలో, అనంతపురంలో సొంతంగా సినిమా తీస్తున్న మిత్రులకు ఒక విన్నపం. మీ తదుపరి కాల్‌షీట్‌లో ప్యాకప్ ఎన్నింటికో రాయండి, దాన్ని చెప్పే అధికారం మీరు కాక ఇంకొకరికి ఇవ్వండి, రాత్రి బండి నడిపే మనిషి పేరు పక్కన అతను పొద్దున ఎన్నింటికి లేచాడో రాయండి. దీనికి ఖర్చు ఒక్క జెరాక్సు కాగితం.